ముసలి పిల్లి కూడా అమానతే

మన ఇళ్ళల్లో పిల్లికి ఇజ్జత్ ఎక్కువే. దస్తర్‌ఖాన్ పక్కనే కూర్చున్నా, జానమాజ్ మీద పడుకున్నా ఎవరూ అదిలించరు. హజ్రత్ అబూహురైరాకి ఆ పేరు పిల్లి మీదుగానే వచ్చిందని బచ్చాలకి ఖుషీగా చెప్పుకుంటాం. అదే పిల్లికి 12 ఏళ్ళు దాటి, ఆ జానమాజ్ మీదే ఉచ్చ పోసిందనుకోండి, సంచిలో వేసి మటన్ మార్కెట్ దగ్గర వదిలేసి వస్తాం. "అక్కడ ముక్కలు దొరుకుతాయిలే" అని దిల్‌కి తసల్లీ చెప్పుకుంటాం.

నేను దీన్ని జుల్మ్ అంటాను. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక చంపిన ఔరత్ జహన్నమ్ పాలైందన్న హదీస్ వినని ఇల్లుందా? వేట మరిచిన ముసలిదాన్ని కుక్కల మధ్య వదలడం దానికెంత దూరం?

మాటిమాటికీ నీళ్ళు తాగుతూ, ఉచ్చ ఎక్కువ పోస్తూ, చిక్కిపోతోందంటే చాలాసార్లు అది కిడ్నీల బీమారీ. పశువుల డాక్టర్‌కి చూపించండి. మనం వేసుకునే పారాసెటమాల్ మాత్రం వెయ్యొద్దు, పిల్లికది జహర్. ఇలాజ్ లేదని డాక్టర్ చెప్తే పాత దుప్పటి పరిచి, నీళ్ళగిన్నె దగ్గర పెట్టండి. నొప్పి తగ్గే దవా అడగండి.

ఆఖరి ఘడియల్లో బచ్చాల్ని పక్కింటికి పంపకండి. తల నిమరనివ్వండి, ఏడవనివ్వండి. రేపు మన బుఢాపాలో మన మంచం పక్కన కూర్చోవాల్సింది వాళ్ళే.