ముందు బ్రేకు, తరువాతే మోటారు

కొత్త బండి చేతికి వచ్చిన నాడు ఎవరికైనా ముందుగా పుట్టే సందేహం, "ఇది ఎంత వేగంగా పోతుంది?" అన్నది. "దీన్ని ఆపడం ఎలా?" అన్న సందేహం ఎప్పుడో గాని రాదు. రాళ్లూ, వేళ్లూ, మలుపులూ నిండిన కొండదారుల్లో నడిపే విద్యుత్ సైకిళ్ల విషయంలో ఈ వరస తలకిందులు కావాలని మా అభిప్రాయం. మోటారు వేగం పెంచాలని తాపత్రయపడేవారు చాలామంది. కాని బ్రేకునూ, గొలుసునూ, టైరునూ పట్టించుకున్నవారే క్షేమంగా కొండ ఎక్కి దిగగలరు. ఎందుకో చూద్దాం.

కొండ సైకిలు పుట్టిన చోటనే ఈ పాఠం ఉంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన మారిన్ అనే ప్రాంతం ఉంది. అక్కడి యువకులు కొందరు 1930, 1940ల నాటి లావు టైర్ల పాత సైకిళ్లను బాగుచేసుకుని కొండల మీది మట్టిదారుల్లో దిగసాగారు. 1976 అక్టోబరు 21న అక్కడొక నిటారు దారిలో మొదటి పందెం జరిగింది. రెండు మైళ్ల లోపే దాదాపు 1300 అడుగులు దిగిపోయే దారి అది. ఆ సైకిళ్లకు బ్రేకు వెనక చక్రం హబ్బు లోపలే ఉండేది. పెడలును వెనక్కి తొక్కితే పట్టుకునేది. ఒక్కసారి కిందికి దిగేసరికి హబ్బు వేడెక్కి లోపలి గ్రీజు పొగలుకక్కి పోయేది. హబ్బు విప్పి, మళ్లీ గ్రీజు కూరితే తప్ప రెండోసారి దిగే వీలు లేదు. 'మళ్లీ కూరడం' అనే అర్థంలోనే ఆ దారికి 'రీప్యాక్' అన్న పేరు స్థిరపడింది. ఆ పందేల్లో పాల్గొన్న జో బ్రీజ్ 1977లో ఇలాంటి దారుల కోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు చట్రాన్ని తయారుచేశాడు.

గ్రీజు అలా పొగైపోవడంలో వింతేమీ లేదు. లెక్క వేసి చూడండి. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలు అనుకుందాం. 1300 అడుగులంటే సుమారు 400 మీటర్లు. స్థితిజశక్తి అంటే ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధమే కదా! 80 × 9.8 × 400 = 3,13,600 జౌళ్లు. 30 డిగ్రీల దగ్గర ఉన్న లీటరు నీళ్లను మరిగే స్థితికి తేవడానికి ఇంత శక్తి చాలు, ఇంకా కొంచెం మిగులుతుంది కూడా. అందులో కొంత గాలికీ, మట్టికీ పోయినా, చాలా భాగం గుప్పెడంత హబ్బులోనే వేడిగా మారాలి.

ఇప్పుడు విద్యుత్ కొండ సైకిలు సంగతి చూద్దాం. మోటారు, బ్యాటరీ కలుపుకుని దాని బరువు 22 నుంచి 25 కిలోల దాకా ఉంటుంది. మోటారు లేని కొండ సైకిలు కన్నా ఇది సుమారు 10 కిలోలు ఎక్కువ. ఎక్కేటప్పుడు ఆ అదనపు బరువును మోటారు మోస్తుంది. దిగేటప్పుడు మోసేది ఎవరు? బ్రేకులే! అందుకే బుద్ధిమంతులు చేసే మొదటి మార్పు బ్రేకు డిస్కుది. 180 మిల్లీమీటర్ల డిస్కు తీసి 203 మిల్లీమీటర్ల డిస్కు వేస్తే, లీవరును అంతే బలంతో నొక్కినా ఆపే భ్రామకం సుమారు 13 శాతం పెరుగుతుంది. వేడిని గాలిలోకి వదిలే ఉపరితలమూ పెరుగుతుంది. అయితే చట్రమూ, ముందు ఫోర్కూ అంత పెద్ద డిస్కును భరిస్తాయో లేదో తయారీదారు చెప్పిన హద్దు చూసుకోవాలి. బ్రేకు గొట్టాల్లో పోసే ద్రవం విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొన్నిటికి ఖనిజ తైలం, కొన్నిటికి వేరే రసాయన ద్రవం వాడతారు. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడై, బ్రేకు పట్టు తప్పుతుంది.

"ఇదంతా సరే, మోటారు గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతోందే! ఆ హద్దు తీసేస్తే తప్పేమిటి?" అని అడిగేవారున్నారు. ఆ హద్దు ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం. సాధారణంగా చక్రానికి ఒక చిన్న అయస్కాంతం అమర్చి ఉంటుంది. చక్రం ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా అది చట్రం మీది గ్రాహకానికి ఒక సంకేతం ఇస్తుంది. చక్రం చుట్టుకొలత 2.3 మీటర్లయితే, సెకనుకు మూడు చుట్లంటే గంటకు దాదాపు 25 కిలోమీటర్లు. అక్కడికి రాగానే మోటారు సాయం ఆపేస్తుంది. హద్దు దాటించాలనుకునేవారు మధ్యలో ఒక పరికరం పెట్టి, రెండు చుట్లను ఒకటిగా లెక్కింపజేస్తారు. బండి 40 మీద పోతుంటే మోటారు మాత్రం 20 అనుకుంటుంది. కొలిచే పరికరానికి అబద్ధం చెప్పడమన్న మాట! ప్రయోగశాలలో థర్మామీటరును మోసం చేసిన విద్యార్థి ఏం నేర్చుకుంటాడు?

పోనీ, ఈ మోసం వల్ల కఠినమైన దారిలో లాభమైనా ఉందా? అయిదు మీటర్ల దారికి ఒక మీటరు ఎత్తు పెరిగే ఏటవాలు తీసుకోండి. మనిషీ బండీ కలిసి 85 కిలోలు. కిందికి లాగే బలం సుమారు 165 న్యూటన్లు. మనిషి 100 వాట్లు, మోటారు కొద్దిసేపటికి 600 వాట్లు ఇచ్చినా మొత్తం 700 వాట్లు. సామర్థ్యాన్ని బలంతో భాగిస్తే వేగం వస్తుంది: సెకనుకు దాదాపు 4.2 మీటర్లు, అంటే గంటకు 15 కిలోమీటర్లు. ఘర్షణను కలుపుకుంటే ఇంకా తక్కువే. అంటే ఆ కొండ మీద 25 హద్దు దగ్గరికే మనం పోలేం. హద్దు తీసేసినందువల్ల కలిగే లాభం చదును దారిలోనే, నలుగురూ నడిచే చోటనే! 2019లో కెనడాలోని మాంట్ సెయింట్ ఆన్‌లో విద్యుత్ కొండ సైకిళ్ల మొట్టమొదటి ప్రపంచ పోటీ జరిగింది. అందులోనూ మోటారు సాయానికి హద్దు 25 కిలోమీటర్లే. ఆ హద్దులోనే ప్రపంచ విజేతలు తయారయ్యారు.

వేగం 25 నుంచి 45కు పెరిగితే గతిజశక్తి రెట్టింపుతో ఆగదు; మూడు రెట్లు దాటుతుంది. అదే దారిలో చెవులు సరిగా వినపడని ముసలాయనో, కట్టెలమోపు మోసుకొచ్చే మనిషో ఎదురైతే ఆ శక్తి ఎవరి మీద ఖర్చవుతుందో ఊహించండి. మన దేశపు మోటారు వాహనాల నిబంధనలు కూడా 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండే తేలిక బండ్లనే మోటారు వాహనాల లెక్కలోంచి మినహాయిస్తున్నాయి. హద్దు దాటితే అది సైకిలు కాదు. లైసెన్సూ, రిజిస్ట్రేషనూ కావలసిన వాహనం.

ఇక గొలుసు. పెడళ్ల దగ్గర ఉండే మోటారు ఇచ్చే భ్రామకం 85 న్యూటన్ మీటర్లు కూడా ఉండవచ్చు. 60 కిలోల మనిషి 16.5 సెంటీమీటర్ల క్రాంకు మీద పూర్తి బరువు మోపి నిలబడితే వచ్చేది 97. అంటే కనపడని మరో మనిషి మీతోపాటు తొక్కుతున్నట్టే! అందుకే ఈ బండ్లలో గొలుసు త్వరగా అరుగుతుంది. దాన్ని కనిపెట్టడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. గొలుసు పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. కాబట్టి 24 లింకులు కచ్చితంగా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగిందా, గొలుసు మార్చే వేళయిందన్న మాట. ఉపేక్షిస్తే అది పళ్లచక్రాలను కూడా తినేస్తుంది.

బ్యాటరీ విషయంలో మాత్రం మన చేతివాటం చూపకూడదు. 500 వాట్-గంటల బ్యాటరీలో 18 లక్షల జౌళ్ల శక్తి నిలవ ఉంటుంది. రాయి తగిలి లోపలి ఘటాలు నలిగితే ధన, రుణ ధ్రువాల మధ్యనున్న పలుచని పొర చిరిగి నిప్పు పుట్టవచ్చు. బ్యాటరీకీ మోటారుకూ అడుగున రక్షణ పలక బిగించడం మంచి మార్పు. పెట్టె విప్పి ఘటాలు మార్చడం ప్రమాదకరమైన మార్పు. బండి కడిగేటప్పుడు నీటిని జోరుగా చిమ్మకుండా తడిగుడ్డతోనో, బ్రష్షుతోనో తుడవాలి. లేకపోతే నీరు బేరింగుల్లోకి చొచ్చుకుపోయి గ్రీజును కడిగేస్తుంది.

ఇలాంటి సైకిలు మీలో చాలామంది దగ్గర ఉండకపోవచ్చు. కాని గొలుసూ, బ్రేకూ, హబ్బూ ఉన్న మామూలు సైకిలు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఈ ఆదివారం ఒక స్కేలు తీసుకుని దాని గొలుసు కొలవండి. ముందు చక్రం ఎత్తి తిప్పి, బ్రేకు పట్టి చూడండి. వీధి చివరి సైకిలు షాపులో హబ్బు విప్పుతుంటే పక్కన కూర్చుని, లోపలి గోళీలకు గ్రీజు ఎందుకు పెడుతున్నారో అడగండి. ఇంజనీరు అయ్యే దారి అక్కడినుంచే మొదలవుతుంది.