పఠనమునకు ప్రధానోపాధ్యాయుడే ప్రాపు

హైదరాబాదు ఫిలింనగర్‌లో నిర్మింపబడు ప్రతి చిత్రమును మొదట కాగితముపై కథగను, సంభాషణగను, గీతముగను అక్షరరూపము దాల్చిన పిమ్మటనే కెమెరా ముందుకు వచ్చును. అట్టి చోట, చిత్రసీమనే నమ్ముకొని బస్తీలలో బ్రదుకు లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టుల బిడ్డలు ఉన్నత పాఠశాలకు చేరియు ఒక పుటను ధారాళముగ చదువలేకపోయినచో, అంతకు మించిన అన్యాయము వేరొకటి లేదు.

గ్రామీణ భారతమున 14 నుండి 18 ఏండ్లవారిలో ఇంచుమించు నాల్గవ వంతు తమ ప్రాంతీయభాషలో 2వ తరగతి పాఠమునైనను ధారాళముగ చదువజాలరని 2023 నాటి అసర్ (వార్షిక విద్యాస్థితి నివేదిక) సర్వే తెల్పినది. నగరము తనకీ లోపము లేదని ఊరకుండరాదు. తెలంగాణలో 2018 నాటి శాసనము పాఠశాలలందు తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. 2022లో చదువు, లెక్కల పునాదిని గట్టిపరచు ‘తొలిమెట్టు’ కార్యక్రమము ప్రాథమిక తరగతులకు వచ్చినది. అయినను శాసనము పీరియడును ఈయగలదే గాని పఠనాసక్తిని ఈయజాలదు.

ఆ లోటును తీర్పగలవాడు ప్రధానోపాధ్యాయుడు. ఆరవ తరగతిలో చేరిన ప్రతి బిడ్డచేతను ఒంటరిగ చదివించి, వెనుకబడినవారిని చిన్నబుచ్చక వేరుగ నేర్పించుటయు, గ్రంథాలయపు బీరువాకు తాళము తీయించుటయు, పఠనపు గంటను పరీక్షలకు బలిగాకుండ కాచుటయు, సామాన్య, సాంఘిక శాస్త్రముల ఉపాధ్యాయులకును చదివించు బాధ్యతను పంచుటయు ఆయన విధులు. జూబిలీహిల్స్‌లో వసించు సినీరచయితలను పాఠశాలకు పిలిచి విద్యార్థులతో ముచ్చటింపజేయుటయు సాధ్యమే.

ప్రభుత్వము ఆయనను నివేదికల భారమునుండి విముక్తుని గావించి, ఉపాధ్యాయుల ఖాళీలను నింపి, పుస్తకములకు నిధులొసగవలెను. పిమ్మట విద్యార్థుల పఠనమునుబట్టియే ఆయన పనిని పరీక్షింపవలెను.