చప్పుడు చేస్తే తప్పా?

కంప్యూటరు పెట్టెలో హార్డ్ డిస్కు గరగరమంటే చాలు, ఇంట్లో మగవాళ్ళు స్క్రూడ్రైవరు పుచ్చుకుని తయారవుతారు. అడుగున రబ్బరు ముక్కలు పెడతారు. చుట్టూ స్పంజి కూరుతారు. అదీ చాలకపోతే బల్ల సొరుగులోకి నెట్టి తలుపు మూసేస్తారు. "హమ్మయ్య, ప్రాణం హాయిగా ఉంది" అంటూ చేతులు దులుపుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుకొస్తుంది. పనిచేసేది పనిచేస్తున్నట్టు వినిపించడం కూడా నేరమేనా?

బి.ఏ. చదివినదానివి, యంత్రాల సంగతి నీకేం తెలుసు అంటారేమో. తెలుసుకున్నాను లెండి! రాసిన నవలలన్నీ దాని పొట్టలో దాచుకున్నాక తెలుసుకోక చస్తానా? ఆ డబ్బాలో అద్దాల్లాంటి పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతాయి. 7,200 అంటే సెకనుకి 120 చుట్లన్నమాట. ఆ సన్నటి ఝుమ్మనే రొద వాటిదే. ఆ పళ్ళెం మీద, తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎత్తులో ఓ చిన్న 'తల' తేలుతూ, అటూ ఇటూ పరుగులు పెట్టి మనం దాచుకున్నది వెతికి తెస్తుంది. ఆ పరుగు చప్పుడే గరగర. ఆ తలని మోసే చేతిని కదిపేది లౌడ్ స్పీకర్లో ఉండేలాంటి తీగచుట్టే. దాని పేరే 'వాయిస్ కాయిల్'. పేరులోనే గొంతున్నదాన్ని గొంతెత్తొద్దంటే ఎలాగండీ?

మన సంగతే చూడండి. వంటింట్లో సగం పని చెవులతోనే చేస్తాం. కుక్కరు కూతలు లెక్కపెడతాం. మిక్సీ గొంతు మారితే పచ్చడిలో నీళ్ళు చాల్లేదని హాల్లోంచే కనిపెడతాం. చంటిపిల్ల ఏడిస్తే ఆకలో కడుపునొప్పో చూడకుండానే చెప్తాం. ఇన్ని తెలిసిన చెవులున్న ఇంట్లో ఒక్క డిస్కుకి మాత్రం నోరు కుట్టెయ్యాలా?

నా స్నేహితురాలింట్లో అదే జరిగింది. చప్పుడు పడని అల్లుడుగారు పెట్టెని సొరుగులోకి తోసి చుట్టూ స్పంజి దట్టించారు. నాలుగు రోజులకి ఇల్లు ఊడుస్తున్న పనిమనిషి, "అమ్మా, సొరుగులో గడియారం పెట్టారా? టిక్కు టిక్కుమంటోంది" అని అడిగింది. దాని మాట ఎవరు వింటారు? వారం తిరక్కుండా డిస్కు చచ్చిపోయింది. మావిడి తోటలో అత్తగారు తీయించుకున్న ఆఖరి ఫోటోలూ, ఆవిడ పాడగా పట్టుకున్న మంగళహారతులూ దాంతోపాటే పోయాయి. డిస్కు చెప్పింది. పనిమనిషీ చెప్పింది. ప్రశాంతత కావలసినవాళ్ళకే వినిపించలేదు.

ఆ టిక్కుటిక్కు ఏమిటో తెలుసా? తల తన చోటు కనుక్కోలేక వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ తడుముకోవడం. గరగర ఆరోగ్యం. ఒకే వరసలో పడే టిక్కుటిక్కు ఆపద. స్పంజికి ఆ తేడా తెలీదు. రెండింటినీ ఒకేలా మింగేస్తుంది. పైగా వేడి బయటికి పోనివ్వదు. మన ఎండాకాలంలో ఆ డబ్బాకి దుప్పటి కప్పడం కూడానా!

"మరి రాత్రిపూట నిద్ర పట్టొద్దా అత్తా?" అంటాడు మా అన్నయ్య కొడుకు. న్యాయమైన ప్రశ్నే. పొద్దస్తమానూ రొద భరించమని నేనడం లేదు. చప్పుడు తగ్గించడం వేరు, నోరు నొక్కడం వేరు. పాత డిస్కుల్లో ఇరుసు ఉక్కు గుళ్ళమీద తిరిగేది, అందుకే కీచుమనేది. ఆ గుళ్ళు తీసేసి సన్నటి నూనెపొర మీద ఇరుసు తిరిగేట్టు చేశాక కీచు చాలావరకు పోయింది. అది మర్యాదైన పద్ధతి. ఒరిపిడి తగ్గించారు, చప్పుడు తనంతట తనే తగ్గింది. కోడలు విసుక్కుంటోందంటే చేతిలో పని కాస్త అందుకోవాలి గానీ వంటింటి తలుపు మూస్తే ఏం లాభం?

ఇంకో వింత వినండి. డిస్కులకి నోరే కాదు, చెవులూ ఉన్నట్టున్నాయి! బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు 2008లో వరసగా పేర్చిన డిస్కుల ముందు నిలబడి గట్టిగా అరిచి చూపించాడు. ఆ అదురుకి అవి తడబడి పని ఆలస్యం చేశాయి. కసిరితే పని చెడుతుందని మన అమ్మమ్మలకి ఎవరూ ప్రయోగం చేసి చూపించక్కర్లేకపోయింది.

ఇప్పుడు చాలా కంప్యూటర్లలో తిరిగే పళ్ళేలే లేవు. ఎస్.ఎస్.డి. అనే మూగది వచ్చింది. వేగంగా పనిచేస్తుంది, దెబ్బలకీ తట్టుకుంటుంది, కాదనను. కానీ పొయ్యేటప్పుడు టిక్కుమనైనా అనదు. అయినా పెళ్ళి ఫోటోలు దాచే పెట్టెల్లోనూ, గుమ్మం మీద కెమెరా బొమ్మలు నిలవచేసే పెట్టెల్లోనూ ఇంకా పాత గరగరమ్మే ఎక్కువగా కాపరం చేస్తోంది.

అందుకని నా మాట వినండి. ఒంట్లో బాగున్నప్పుడే దాని గొంతు గుర్తుపెట్టుకోండి. టిక్కుటిక్కు మొదలైతే వెంటనే ఆపెయ్యండి. "మళ్ళీ ఓసారి చూద్దాం" అని పదిసార్లు ఆన్ చేశారో, తల పళ్ళేన్ని గీసెయ్యొచ్చు. తెలిసినవాళ్ళకి చూపించండి. చెవులున్నాయి కదా అని నకలు తియ్యడం మాత్రం మానకండి. చప్పుడు చెయ్యకుండా పోయే డిస్కులూ ఉన్నాయి. విలువైనది రెండుచోట్ల ఉండాలి.

ఇక మీ ఇంట్లో ఎవరైనా స్పంజి పట్టుకుని బయల్దేరితే, ముందు ఆ పెట్టె దగ్గర ఓ అయిదు నిమిషాలు కూచుని వినమనండి. అది చెప్పేది పూర్తిగా విన్నాక, అప్పటికీ నోరు మూయించాలనిపిస్తే, ఆ ఫోటోలకి జవాబుదారీ తనదేనని కాగితం మీద రాయించుకోండి. కాగితమూ కలమూ నేనిస్తాను.