పట్టెడ లాంటి మచ్చ

జొన్న తప్ప మరో తిండి ఎరగని దక్కన్ పల్లెల్లో ఒకప్పుడు ఓ రోగం ఉండేది. ముంజేతులు, పాదాలు, మెడ... ఎండ తగిలినంత మేరా చర్మం నల్లబడి పొలుసులు లేచేది. చొక్కా చెయ్యి ఎక్కడ ఆగితే మచ్చ అక్కడ మొదలు. మెడ చుట్టూ అయితే అచ్చం పట్టెడ పెట్టుకున్నట్టే. ఈ జబ్బును 1735లోనే వర్ణించిన స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కాసల్ పేరుమీద డాక్టర్లు ఆ మెడ మచ్చను ‘కాసల్ హారం’ అంటారు. జబ్బు పేరు పెల్లాగ్రా. ఇటాలియన్ భాషలో గరుకు చర్మం అని అర్థం.

ఆ మచ్చకు పైపూత మందు కాదు. లోపించింది నయాసిన్ అనే బి విటమిన్.

1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల (నేటి జాతీయ పోషకాహార సంస్థ) ఈ రోగం మీద దృష్టి పెట్టింది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు ఎక్కువ కావడమే కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ వాదనపై తర్వాత చర్చలు నడిచాయి. పూటపూటకూ జొన్న ఒక్కటే తినడం చేటన్నది మాత్రం తేలింది. పక్కన పప్పు, పాలు, కాస్త మాంసం ఉంటే అదే జొన్నరొట్టె ఒంటికి బలం. ఇప్పుడు హోటళ్లు గొప్పగా వడ్డిస్తున్నదీ దాన్నే కదా!

చర్మం బాగోగులు తిండిలోనూ ఉంటాయంటుందీ కథ. కానీ చర్మం గురించి నేటి మాటలన్నీ నీళ్ల సీసా చుట్టూ తిరుగుతున్నాయి. రోజుకు మూడు లీటర్లు తాగితే ముఖం మెరిసిపోతుందని ఫోన్లో చెప్పేవాళ్లకు కొదవ లేదు. 1945లో అమెరికా ఆహార, పోషకాహార మండలి రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలంది. అందులో అధికభాగం తినే తిండిలోనే దొరుకుతుందని ఆ వెంటనే చెప్పింది. జనానికి మొదటి ముక్కే గుర్తుండిపోయింది.

నిజంగా నీరు కరువైతే చర్మం దాచదు. వాంతులు, విరేచనాలతో వాడిపోయిన పసిబిడ్డను తీసుకొస్తే డాక్టరు పొట్టమీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లేపి వదులుతారు. ఆ మడత వెంటనే సర్దుకోవాలి. రెండు సెకన్లు దాటినా నిలిచే ఉందంటే ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గిపోయినట్టు. అలాంటప్పుడు ఓఆర్ఎస్, సెలైన్ ప్రాణం నిలుపుతాయి. దాహం తీరా తాగేవాళ్లు మరో లీటరు పట్టిస్తే అది చాలావరకు మూత్రంగా పోతుందే తప్ప బుగ్గల్లోకి చేరదు. చలికాలం కాళ్లు తెల్లగా పగిలేది పొడిగాలికి. స్నానం చేశాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే కాస్త కొబ్బరినూనె రాస్తే ఆ తడి నిలుస్తుంది.

నీళ్ల తర్వాత వంతు కొల్లాజెన్ పొడి డబ్బాలది. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తిని శరీరం తనే తయారుచేసుకుంటుంది. అందుకు మాంసకృత్తులు, విటమిన్ సి కావాలి. ఆ విటమిన్ పూర్తిగా కరువైన పాతకాలపు నావికులకు చిగుళ్లు నెత్తురోడేవి, మానిన గాయాలు సైతం తిరిగి విచ్చుకునేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు అలాంటి పన్నెండు మంది రోగుల్లో ఇద్దరికి నారింజ, నిమ్మ పండ్లిచ్చి చూస్తే, అందరికంటే ముందు కోలుకున్నది వాళ్లే.

డబ్బాలమ్మే షాపు ముందే తోపుడుబండి మీద జామకాయలుంటాయి. నాలుగు చీలికలు చేసి ఉప్పూకారం చల్లి ఇస్తారు. విటమిన్ సి విషయంలో నారింజ వాటి ముందు దిగదుడుపే. పక్క బండిమీద వేయించిన పల్లీల పొట్లాలు. ఆ జొన్న పల్లెలకు కరువైన నయాసిన్ వాటిలో పుష్కలం.