అరణ్యమున నిశ్శబ్దము అందఱి సొత్తు

కెనడా దేశమందలి బాన్ఫ్ జాతీయోద్యానవనమున, లేక్ లూయిస్ నుండి జాస్పర్‌కు పోవు ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే ప్రక్కన, మస్కిటో క్రీక్ అను చిన్న క్యాంపుగ్రౌండు కలదు. అచట విద్యుత్తు లేదు, స్నానపు గదులు లేవు. గుడారమునకు చాలినంత చోటు, భోజనపు బల్ల, నెగడు వేయు తావు, చెంతనే పారు చల్లని వాగు, చుట్టును పర్వతములు మాత్రమే యుండును. ఇట్టి తావునకు జనులు పోవునది సౌకర్యములకై కాదు, నిశ్శబ్దమునకై. ఆ నిశ్శబ్దమును పర్వతము ప్రసాదించినను, దానిని నిలుపుచున్నది మనుష్యుల నియమపాలనమే యని మన తెలుగువారు గ్రహింపవలెనని నా విన్నపము.

1885లో వేడినీటి బుగ్గల చుట్టు దాదాపు 26 చదరపు కిలోమీటర్ల నేలను ప్రభుత్వము ప్రత్యేకించుటతో బాన్ఫ్ చరిత్ర ఆరంభమైనది. 1911లో జాతీయోద్యానముల పాలనకే ఒక శాఖ వెలసెను. ప్రపంచమున అట్టి శాఖలలో అదియే మొదటిది. ఈ వనములను చెడకుండ భావితరములకు అప్పగింపవలెనని 1930 నాటి చట్టము శాసించినది.

ఆ ధర్మము క్యాంపుగ్రౌండున చిన్నచిన్న నియమముల రూపమున కానవచ్చును. రాత్రి 11 గంటల నుండి ఉదయము 7 గంటల వఱకు శబ్దము కూడదు. తినుబండారములను, ఎంగిలి పాత్రలను, తుదకు పండ్లపొడిని సైతము కారులోగాని, ఎలుగులు తెఱవలేని ఇనుప పెట్టెలలోగాని భద్రపఱుపవలెను. ఒకసారి మనుష్యుల తిండి రుచి మరగిన ఎలుగుబంటి మరల మరల గుడారముల చెంతకు వచ్చి, భయము మాని, కడకు అధికారుల తుపాకికి బలియగుటయు కలదు. మనము బల్లపై మఱచిన పులిహోర దాని ప్రాణమునకే ముప్పు. వంటచెఱకును దూరమునుండి మోసికొని పోరాదనుటకును కారణము కలదు: దానిలో దాగిన పురుగులు క్రొత్త అడవికి చీడయై పట్టును.

వేసవిలో కాల్గరీ, ఎడ్మంటన్ నగరములనుండి తెలుగు కుటుంబములు పిల్లలతో, బంధుమిత్రులతో ఈ కొండలకు పోవుట మిక్కిలి సంతోషింపదగినది. కార్తికమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయు జాతికి అడవి పరాయిది కాదు. పదిమంది కూడిన చోట పాట, సందడి లేకున్న వేడుక యెట్లగునని కొందఱు అడుగవచ్చును. పగలంతయు నవ్వుటకును, ఆడుటకును ఏ నియమమును అడ్డుపడదు. మన ఆనందము పొరుగు గుడారములోని పసిబిడ్డ నిద్రను చెఱుపరాదనియే రాత్రి నియమము కోరుచున్నది. పాట ఇంటియొద్దను వినవచ్చును. వాగు సవ్వడి తప్ప మఱేమియు వినరాని రాత్రి నగరమున దొరకునా?

ఈ మాట స్వదేశమునకును వర్తించును. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వఱకు బహిరంగ స్థలములందు లౌడుస్పీకరులను నిషేధించు శబ్దకాలుష్య నియమములు మనకు 2000 నుండియే కలవు. శ్రీశైలము ఘాటుదారిలో వన్యప్రాణుల రక్షణకై రాత్రివేళ వాహనములను నిలుపుచున్నారు. కావున మనకు కొఱవడినది శాసనము కాదు, ఆచరణము. మారేడుమిల్లిలోను, నల్లమలలోను విడిది చేయువారు అడవి పొలిమేరలోనే తమ పాటల పెట్టెలను కట్టివేయు దినము రావలెను.

అయితే కెనడా చేసిన తప్పును మనము చేయరాదు. బాన్ఫ్ తొలినాళ్లలో స్టోనీ నకోడా అను ఆదివాసులను వారి పూర్వుల వేటభూములనుండి దూరము చేసిరి. నల్లమలలో నిశ్శబ్దము పేరిట చెంచులను వెడలగొట్టుట న్యాయము కాదు. అడవిలో బ్రదుకువారు ఆ మౌనమునకు శత్రువులు కారు. నియమము వలసినది ఒకటి రెండు దినములు వచ్చిపోవు మనకే.

రానున్న కార్తికమున వనభోజనములు ఏర్పఱచు సంఘములవారు ఈ రెండింటిని తమ ఆహ్వానపత్రములలోనే అచ్చువేయింపుడు: లౌడుస్పీకరు వలదు, ఎంగిలి విస్తరి అడవిలో మిగులరాదు. అటవీశాఖవారు విడిది కేటాయించునపుడే ఈ షరతులను వ్రాయించుకొని, తప్పినవారికి మరల చోటీయకుందురు గాక!