మొలల బాధ: సిగ్గుపడి దాచుకోవద్దు

ఈ నెల వ్రాస్తున్న సంగతి కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు. ఈ పత్రికను ఇంటిల్లిపాదీ చదువుతారని తెలిసే వ్రాస్తున్నాను.

మా సంఘములో ఒక సహోదరుడు కొన్ని నెలలు ఆరాధనలో కూర్చొనేవాడు కాడు. వెనుక స్తంభమునకు ఆనుకొని నిలబడేవాడు. త్వరగా వెళ్లిపోవడానికే అలా నిలబడుతున్నాడని లోలోపల తప్పుపట్టాను. అడిగితే "ఏం లేదయ్యగారూ" అని తల దించుకొన్నాడు. చివరకు తెలిసినది, మొలలు. రక్తము పడుతున్నా భార్యకు కూడా చెప్పక, ఎవరో ఇచ్చిన ఆకుపసరు రాసుకొంటున్నాడు.

మలద్వారము వద్దనున్న రక్తనాళములు ఉబ్బితే మొలలంటాము. 1 సమూయేలు 5వ అధ్యాయములో ఫిలిష్తీయులకు వచ్చిన గడ్డల రోగమును చూపించి ఇది శాపమని భయపెట్టేవారిని నమ్మకండి. దీనికి ముఖ్య కారణము మలబద్ధకము, గట్టిగా ముక్కడము. గర్భిణీ స్త్రీలకూ వస్తుంది. మరుగుదొడ్డిలో సెల్‌ఫోను చూస్తూ అరగంట కూర్చొనే యౌవనస్థులు కూడా దీనిని కొనితెచ్చుకొంటున్నారు. ఇంట మరుగుదొడ్డి లేక చీకటి పడేవరకు ఆపుకొన్న మన తల్లులలో కొందరికి ఆ అలవాటు ఇంకా పోలేదు. వచ్చినప్పుడు ఆపుకొంటే మలము గట్టిపడుతుంది.

ఇక ఆహారము. పాలిష్ బియ్యపు అన్నములో పీచు బహు తక్కువ. పెద్దవారికి రోజుకు 25 నుండి 30 గ్రాముల పీచు కావాలి. వంద గ్రాముల జామపండులో 5 గ్రాములకు పైగా ఉంటుంది. తోటకూర, చిక్కుడు, పొట్టుతో పెసలు, జొన్నరొట్టె, రాగిసంకటి ఇవన్నీ మన ఇంటి వంటలే. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, కొద్దికొద్దిగా పెంచండి. రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి వెంటనే త్రాగితే మలము మెత్తబడుతుంది. నీళ్లు చాలకపోతే అదే మేలు చేయకపోగా బాధ పెంచుతుంది. లెంట్ దినములలో పగలంతా నీళ్లు కూడా ముట్టక, సాయంత్రము మిరపకాయ బజ్జీలతో ఉపవాసము విడిచేవారికి ఈ మాట ప్రత్యేకముగా చెబుతున్నాను.

నొప్పి, దురద ఉంటే వెడల్పాటి తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, పది పదిహేను నిమిషములు అందులో కూర్చోండి. దినమునకు రెండు మూడుసార్లు చేయవచ్చు. మా సహోదరునికి అన్నిటికంటె ఉపశమనమిచ్చినది ఇదే. కుర్చీ దొడ్డి వాడేవారు పాదముల క్రింద చిన్న పీట వేసుకొంటే ముక్కే పని తగ్గుతుంది.

అయితే అతనిని మొదట నేను పంపినది డాక్టరు వద్దకే. రక్తము పడినంత మాత్రాన మొలలే అనుకోకూడదు. ప్రేగు క్యాన్సరులోనూ రక్తము పడుతుంది. మొలలని తనకు తానే నిర్ణయించుకొని, ఏడాదిపాటు పసరు మందులు వాడిన ఒక పెద్దాయనకు నేనే సమాధి ఆరాధన జరిపించాను. మలము నల్లగా వచ్చినా, రక్తము మలములో కలిసి వచ్చినా, బరువు తగ్గినా, విరేచనముల తీరు మారినా, నీరసము ఎక్కువైనా ఆలస్యము చేయకండి. గ్యారంటీ బోర్డులు పెట్టి ఇంజక్షనుతో కాల్చేస్తామనేవారి గుమ్మము తొక్కకండి.

పరీక్ష కొద్ది నిమిషములే. స్త్రీలు లేడీ డాక్టరును అడగవచ్చు. ఒంటరిగా వెళ్లుటకు బిడియపడే సహోదరీలకు మీ సంఘములోని అమ్మగారు తోడు వస్తారు, అడగండి.