నమ్మకం ఎవరి సొత్తు?

"పేదవాళ్ళు మనుషుల్ని నమ్మరు." చదువుకున్నవాళ్ళ నోట ఈ మాట తరచుగా వింటున్నాను. ఊసుపోక అన్నదైతే వదిలేయొచ్చు. కానీ దీనికి సర్వేల దన్ను కూడా ఉంది. 1981లో మొదలైన ప్రపంచ విలువల సర్వే ఒక ప్రశ్న అడుగుతుంది: మామూలుగా చూస్తే ఎక్కువమందిని నమ్మొచ్చా, లేక మనుషులతో చాలా జాగ్రత్తగా ఉండాలా? పాశ్చాత్య దేశాల్లో డబ్బూ చదువూ ఉన్నవాళ్ళు "నమ్మొచ్చు" వైపే మొగ్గుతారని పదేపదే తేలింది. ఇంకేం, నమ్మకం పై మెట్టువాళ్ళ సంస్కారం, అనుమానం కింది మెట్టువాళ్ళ జబ్బు అని తీర్పు చెప్పేస్తారు.

ఆ ప్రశ్ననే ఇంకోసారి చదవండి. ఆ రెండు జవాబులూ అసలు ఒకదానికొకటి ఎదురు కావు. మొదటిది ఎదుటివాళ్ళ గురించి. రెండోది నా గురించి: మోసపోతే నా గతేంటి? జనం మంచివాళ్ళేనని నమ్ముతూ కూడా జాగ్రత్తగా ఉండక తప్పని మనిషి ఏ గడిలో టిక్కు పెట్టాలి? నూటికి ఒక్కడే మోసగాడనుకుందాం. వాడి చేతిలో పడితే ఒకరికి పిల్లదాని ఫీజు పోతుంది, ఇంకొకరికి వారాంతం పాడవుతుంది. ఇద్దరికీ లెక్క ఒకటే ఎలా అవుతుంది?

మన దగ్గరే జరిగిన రెండు మోసాలు చూద్దాం. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలన్నీ తప్పని ఒప్పుకుంటూ లేఖ రాశాడు. రెండ్రోజుల్లో కేంద్రం పాత బోర్డును తప్పించింది. ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్ళింది. షేర్లు కొన్నవాళ్ళు నష్టపోయారు, నిజమే. అయినా కంపెనీ నిలబడింది.

అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టింది లక్షలమంది. కూలీలు, చిన్న రైతులు, చిరువ్యాపారులు. కట్టించుకున్న ఏజెంట్లు చాలాచోట్ల ఆ ఊరివాళ్ళే, బంధువులే. 2015లో సీఐడీ కేసులు నడుస్తున్నాయి. పదివేల లోపు కట్టినవాళ్ళకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బిచ్చింది 2019 నవంబర్లో. ఇరవై వేల లోపు వాళ్ళకు 2021 ఆగస్టులో. అంతకుమించి కట్టినవాళ్ళ ఎదురుచూపు ఆ తర్వాతా తీరలేదు. వీళ్ళకా నమ్మకం లేనిది?

సూక్ష్మరుణ సంస్థలైతే తాకట్టు లేకుండా అప్పిస్తున్నామని గొప్పలు పోయాయి. తాకట్టు లేకేం! గుంపులో ఆడవాళ్ళంతా ఒకరికొకరు హామీ. ఒకామె కిస్తీ కట్టలేకపోతే మిగతావాళ్ళు కట్టాలి. అంటే ఇరుగుపొరుగు నమ్మకాన్నే తాకట్టు పెట్టించుకున్నారు. 2010 అక్టోబర్లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా దాన్ని పిండుకుంటూనే ఉన్నారు.

ఇక "మనుషుల్ని నమ్మొచ్చు" అనే మన సంగతి. మన అపార్ట్‌మెంట్లలో పనావిడ గేటు దాటితే యజమాని ఫోన్ మోగుతుంది. చాలాచోట్ల వెళ్ళేటప్పుడు ఆవిడ సంచి వెతుకుతారు, ఎక్కే లిఫ్ట్ కూడా వేరు. ఐదేళ్ళుగా మన వంటింటి తాళంచెవి పెట్టుకున్న మనిషికే ఈ మర్యాద! మనకున్న ధైర్యమల్లా కాంట్రాక్టు మీద, ఇన్సూరెన్స్ మీద, ఫోన్ చేస్తే పలికే లాయర్ మీద. దానికి విశాల హృదయమని పేరు పెట్టుకున్నాం.

కాబట్టి పేదవాళ్ళకు నమ్మకం నేర్పే ఉపన్యాసాలు చాలించండి. సర్వేలో ఇంకో ప్రశ్న చేర్చండి: మోసపోతే మీ డబ్బు ఎన్నాళ్ళకు తిరిగొస్తుంది? ఆ జవాబును మొదటి జవాబు పక్కన పెట్టి చూశాక, ఎవరి సంస్కారం ఎంతో మాట్లాడుకుందాం.